డ్రైవింగ్ మాస్టారి కూతురి ఎడమచెయ్యి

మా తమ్ముడు కారు నడపడం నేర్పుతాడు. పాతికేళ్లుగా అదే పని. ఊరంతా వాణ్ణి మాస్టారూ అనే పిలుస్తుంది. నేను వాడికంటే ఆరేళ్లు పెద్దదాన్ని కాబట్టి ఒరేయ్ అంటాను. డ్రైవింగ్ స్కూలంటే మరీ పెద్దదేం కాదు. ఒక గది, రెండు కార్లు, గోడకి ట్రాఫిక్ గుర్తుల బొమ్మలు, తలుపు పక్కన నా బల్ల. వచ్చినవాళ్ల లైసెన్సు ఫారాలు నింపడం నా ఉద్యోగం.

వాడి దగ్గర నేర్చుకున్నవాళ్లు టెస్టు తప్పరు. బోర్డు మీద పేరుకంటే పెద్ద అక్షరాలతో ‘పాస్ గ్యారంటీ’ అని రాయించుకున్నాడు. టెస్టు పెట్టే మైదానం వాడికి కొట్టిన పిండి. ఆఫీసరు ఎక్కడ నిలబడతాడో, ఎండ ఏ వేళ ఏ అద్దం మీద పడుతుందో కూడా తెలుసు. “పక్క అద్దంలో మూడో స్తంభం కనపడగానే స్టీరింగు ఒకటిన్నర చుట్లు తిప్పండి, ఇంకేం ఆలోచించకండి” అంటాడు. వాళ్లు తిప్పుతారు, ఎనిమిది అంకె ముగ్గు పెట్టినంత చక్కగా వస్తుంది, లైసెన్సు చేతికొస్తుంది. ఒక నర్సమ్మ అలాగే మొదటి టెస్టులో పాసై, మర్నాడు సొంత ఇంటి గేటు పడగొట్టింది. “వాళ్లింటి దగ్గర మూడో స్తంభం లేదక్కా, నేనేం చెయ్యను?” అన్నాడు మా మహానుభావుడు.

నా గొప్ప కూడా తక్కువేం కాదు. మూర్ఛలు వస్తాయా, కళ్లు తిరుగుతాయా అని ఫారంలో అడుగుతారు. కాదు, కాదు. గుర్తులు చదవగలరా, కాళ్లూ చేతులూ సరిగ్గా పనిచేస్తాయా అంటారు. అవును, అవును. ఎదుట కూర్చున్న మనిషి మొహం కూడా చూడకుండా గీసేస్తాను. నా చేతి మీదుగా వెళ్లిన ఫారం వెనక్కి వచ్చిన పాపాన పోలేదు.

ఈ సొంత డబ్బా ఎందుకు కొడుతున్నానంటే, వాడి గొప్పా నా గొప్పా కలిసి మా ఇంటి పిల్ల ఎడమచేతిని దాదాపు ముంచేశాయి కనక.

మా తమ్ముడికి పెళ్లయిన తొమ్మిదేళ్లకి పుట్టింది మా పిల్ల. ఏడో నెలలోనే వచ్చేసింది. దోసిట్లో పట్టేంత ఉందని నేనే బఠాణీ అని పేరు పెట్టాను, అదే ఉండిపోయింది. ఏడాది దాటినా ఎడమచేతి గుప్పిట విప్పేది కాదు. బొటనవేలు లోపల పెట్టుకుని బిగించేది. పిల్లల డాక్టరు చూసి, పుట్టుకలో మెదడుకి ఒకవైపు కాస్త దెబ్బ తగిలిందన్నాడు. “తెలివికేం లోటు లేదు. కానీ వాడకపోతే ఈ పిల్ల తనకో ఎడమచెయ్యి ఉందన్న సంగతే మర్చిపోతుంది. ఇప్పుడే థెరపీ మొదలుపెట్టండి. బడికెళ్లే వయసులోపు ఎంత వాడిస్తే అంత మేలు” అన్నాడు.

“పెరిగితే అదే సర్దుకుంటుంది లెండి. మా తమ్ముడు మూడేళ్లదాకా మాట్లాడలేదు, ఇప్పుడు నోరు మూస్తాడా?” అన్నాను నేను. ఆ మాట నాదే, ఇంకెవరి మీదకీ నెట్టను. దాంతో రెండేళ్లు పోయాయి.

మూడున్నరేళ్లప్పుడు అదే డాక్టరు మమ్మల్ని నిలబెట్టి కడిగేశాడు. అప్పటికప్పుడు థెరపీ సెంటరుకి చీటీ రాసిచ్చాడు. అక్కడివాళ్లు ముందు ఒక ఫారం ఇచ్చారు. ఎనిమిది పేజీలు. పిల్లని చూసే రోజున నింపి తెమ్మన్నారు.

ఫారం అనగానే ఇంట్లో అందరూ నా వైపు చూశారు. నేను కళ్లజోడు తుడుచుకుని కూర్చున్నాను. బొత్తాలు పెట్టుకుంటుందా? అవును. నిజానికి దాని కుడిచెయ్యీ నా ఎడమచెయ్యీ కలిసి పెట్టేవి. చెప్పులు తానే వేసుకుంటుందా? అవును. పడబోయినప్పుడు రెండు చేతులూ ఆనించి ఆపుకుంటుందా? అది నేనెప్పుడూ చూడలేదు, అయినా అవును. అబద్ధం ఆడుతున్నానని కూడా అనిపించలేదు. ‘కాదు’ అని రాస్తే ఈ పిల్ల మావల్ల కాదు, తీసుకుపొమ్మంటారేమోనని నా భయం. పాతికేళ్లుగా చేతికి పట్టిన అలవాటు ఆ భయాన్ని దాటి ముందుకెళ్లింది.

మా తమ్ముడు ఊరుకుంటాడా? కారు నేర్చుకోడానికి వచ్చే ఒకాయన కొడుకు ఆ సెంటరుకే వెళ్తాడట. ఆయన్ని అడిగి, పిల్లల చేత ఏమేం చేయిస్తారో కనుక్కొచ్చాడు. చెక్కముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చాలి, తాడుకి పూసలు గుచ్చాలి, పెద్ద బంతి పట్టుకోవాలి. వెంటనే అవే చెక్కముక్కలు, అవే పూసలు కొనుక్కొచ్చి మూడు వారాలు సాధన చేయించాడు. పూసలకి రెండు చేతులు కావాలి కదా! అక్కడా వాడికో మూడో స్తంభం దొరికింది. తాడుని మోకాళ్ల మధ్య నొక్కిపట్టి, కుడిచేత్తో గుచ్చడం నేర్పాడు. బంతిని ఒంటిచేత్తో గుండెకి అదుముకోవడం నేర్పాడు. మా బఠాణీ చురుకైన పిల్ల, ఇట్టే పట్టేసింది.

థెరపీ చేసేది ఇరవై ఏడెనిమిదేళ్ల అమ్మాయి. గుడ్డ బూట్లు వేసుకుని పిల్లలతో సమానంగా నేలమీదే కూర్చుంటుంది. మా పిల్ల ఆ అమ్మాయి ముందు అన్నీ ఊపిరి తిప్పుకోకుండా చేసేసి, బాగా చేశానా అన్నట్టు వాళ్ల నాన్న వైపు చూసింది. ఆ అమ్మాయి ఫారం చూసింది, పిల్లని చూసింది, మళ్లీ ఫారం చూసింది.

“ఇంట్లో ఎడమచెయ్యి బాగానే వాడుతుందా?”

“ఓ, బాగా!” అన్నాం అక్కా తమ్ముళ్లం ఒకే గొంతుతో. పిల్ల తల్లి, మా మరదలు మాత్రం చాప వైపు చూస్తూ కూర్చుంది.

నెలకోసారి తీసుకొస్తే చాలని, బడిలో వెయ్యొచ్చని ఆ అమ్మాయి రాసిచ్చింది. మా తమ్ముడికి కాలు నేలమీద నిలవలేదు. దారిలో కారాపి వీధిలో పిల్లలందరికీ చాక్లెట్లు పంచాడు.

బడిలో చేరిన రెండో వారం, అక్కడి పెరటి మెట్టు మీంచి బఠాణీ ముందుకు పడింది. గడ్డం పగిలి మూడు కుట్లు పడ్డాయి. మేం పరిగెత్తుకెళ్లేసరికి టీచరమ్మ జాకెట్టంతా నెత్తురు. ఆవిడ ఏడుస్తూనే మమ్మల్ని కోప్పడింది.

“పిల్లలు పడతారు, అది కాదు. పడేటప్పుడు ఎడమచెయ్యి ముందుకే రాలేదండీ. అలా ఒంటికి అంటుకుపోయి ఉండిపోయింది. మీకు తెలీదా? తెలిసి ఎందుకు చెప్పలేదు?”



ఆ సాయంత్రం మా మరదలు నన్ను ఫారం నకలు అడిగింది. నేను నింపిన ప్రతిదానికీ నకలు దాస్తాను, అదొక గర్వం నాకు. మా మరదలు కళ్లజోళ్ల దుకాణంలో చూపు పరీక్ష చేస్తుంది. చాలా నెమ్మది మనిషి. వదినా అని పిలిచాక రెండో మాట కోసం మనం ఎదురుచూడాలి. అలాంటిది ఎనిమిది పేజీలూ నిలబడే చదివి, మడిచి, బల్లమీద పెట్టింది.

“మా దుకాణానికి కొందరు వస్తారు వదినా. లైసెన్సు కోసం గోడమీది అక్షరాలు బట్టీపట్టి వస్తారు. పైనుంచి కిందిదాకా గడగడా అప్పజెప్పేస్తారు. నేనేం చెయ్యాలి? చూపు బాగుందనుకుని తప్పు అద్దం ఇస్తాను. తప్పు నాదా, వాళ్లదా?” అంది.

“అమ్మాయ్, నేను పిల్ల మంచికేగా...”

“మంచికే. మీరూ మంచికే రాశారు, ఆయనా మంచికే నేర్పారు. నేనూ మంచికే నోరు మూసుక్కూర్చున్నాను. నా పిల్ల గడ్డం పగిలింది. రేపు పొద్దున్నే వెళ్లి ఉన్నదున్నట్టు చెబుతున్నాం. మీరిద్దరూ వస్తారా, నన్నొక్కదాన్నే వెళ్లమంటారా?”

నాకు తల తీసేసినట్టయింది. యాభై ఏళ్లు దాటాక ఒకరితో చెప్పించుకోవడం నాకు చేతకాని పని. అయినా వెళ్లాను.

థెరపీ అమ్మాయి మేం చెప్పిందంతా విని, పిల్ల గడ్డం మీది పట్టీ సరిచేసింది. అరిచినా బాగుండేది.

“మీ ఫారం చూసే, వారం వారం రావాల్సిన చోటు ఇంకో బాబుకి ఇచ్చేశాను” అంది. “మళ్లీ ఖాళీ అవ్వాలంటే రెండు నెలలు పడుతుంది. నేను పాస్, ఫెయిల్ చెప్పేదాన్ని కాదండీ. పిల్లకి ఏది రాదో తెలిస్తేనే నాకు పని మొదలవుతుంది. మంచి రోజు చేసింది నాకొద్దు, మామూలు రోజు చేసేది చెప్పండి.”

ఇంకో కొత్త ఫారం నా చేతికే ఇచ్చింది. వారం రోజులు పిల్లని ఊరికే గమనించి రాయమంది. తర్వాత చతికిలబడి బఠాణీ కళ్లలోకి చూస్తూ, “నీకేం నేర్చుకోవాలనుంది?” అని అడిగింది.

సిగ్గుచేటు ఏమిటంటే, ఆ ప్రశ్న మేమెవ్వరం దాన్ని ఎప్పుడూ అడగలేదు. బఠాణీ చాలాసేపు ఆలోచించింది.

“బెల్టు. నేనే పెట్టుకోవాలి” అంది.

కార్లో దాని సీటు వెనక ఉంటుంది. పొద్దున్నే బడికి దింపేటప్పుడు మా తమ్ముడే వంగి బెల్టు బిగిస్తాడు. ముందు సీట్లోకి వచ్చేవాళ్లంతా తమ బెల్టు తామే పెట్టుకోవడం పుట్టినప్పట్నుంచీ చూస్తోంది కదా! ఆ పనికి కుడిచెయ్యి ఒక్కటే చాలదు. బెల్టు చివరున్న ఇనుపనాలిక కుడిచేత్తో దూర్చాలంటే, కింద అటూ ఇటూ ఊగే తాళాన్ని ఎడమచెయ్యి కదలకుండా పట్టుకోవాలి. “ఇదే మన లక్ష్యం” అని ఆ అమ్మాయి రాసుకుంది. ఇంటికెళ్లి పిల్ల తనంతట తాను చేయబోయే ఏ పనికీ ముందు చెయ్యి అందించొద్దని గట్టిగా చెప్పి పంపింది.

ఆ వారం నేను పడ్డ అవస్థ పగవాళ్లకి కూడా వద్దు. ఫారం, కలం పట్టుకుని పిల్ల వెనకాలే తిరిగాను. మొదటి ‘కాదు’ గీయడానికి చెయ్యి రాలేదు. ఆ తర్వాత తెలిసింది, సగం ప్రశ్నలకి అవునూ కాదు, కాదూ కాదు. చెప్పులు వేసుకోగలదా? ఏమో, మేం ఎప్పుడు వేసుకోనిచ్చాం? అరటిపండు తొక్క తీయగలదా? నేను తీసి, ముక్కలు చేసి, నోట్లో పెట్టేదాన్ని. ఆ ప్రశ్నల పక్కన ఖాళీలో ‘మేం చెయ్యనివ్వలేదు’ అని రాశాను. అలా ఇరవై మూడు చోట్ల రాయాల్సొచ్చింది. ఫారంలో కొట్టివేతలంటే నాకు ఒళ్లు మంట. ఆ ఫారం నిండా కొట్టివేతలే.

రెండు నెలల తర్వాత చోటు దొరికింది. వారానికి ముప్పావు గంట. “ఇది నేను మీకు నేర్పడానికి. పిల్ల నేర్చుకునేది మిగతా ఆరు రోజులూ మీ ఇంట్లో” అని థెరపీ అమ్మాయి మొదటిరోజే చెప్పేసింది. నిద్రపోయి లేచిన పిల్లని, కడుపు నిండిన పిల్లని తీసుకురమ్మంది. ఏదైనా ఎందుకు చేయిస్తున్నానో అర్థం కాకపోతే మొహమాటపడకుండా అడగమంది. పెద్దవాళ్లలో ఒకరు గదిలోనే కూర్చోవాలంది. మా తమ్ముడు కూర్చున్నాడు. రెండో నిమిషానికే నోరు విప్పాడు.

“ఎడమ, ఎడమ, ఎడమ... ఆ, కొంచెం తిప్పు...”

“మాస్టారూ, ఇక్కడ స్టీరింగు లేదు. మీరు మాట్లాడకండి” అందా అమ్మాయి. బయట బెంచీ మీద కూర్చున్న నాకు వినపడి నవ్వాగలేదు.

నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు. ఆరు వారాలు గడిచినా కంటికి కనపడే మార్పు లేదు. పొద్దున తడిగుడ్డ పిండటం, సీసా మూత తిప్పడం, దిండు గలీబు తొడగడం, అన్నీ ఆటల్లాగే చేయించేవాళ్లం. ఎడమచెయ్యి కాస్త తెరుచుకునేది, మళ్లీ ముడుచుకునేది. కోపం వచ్చి బఠాణీ ఆ చేతిని తనే కుడిచేత్తో కొట్టుకుంది ఒకరోజు. మా మరదలు ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, “దీనికి కష్టంగా ఉంది. తిట్టకు, ఇది కూడా నీదే” అంది. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. నాకు ఏడుపు అంత తొందరగా రాదు.

అదే వారంలో మా తమ్ముడు ఒక రంగుల కాగితం పట్టుకొచ్చాడు. ఊరవతల కొత్త సెంటరట. మూడు నెలల్లో గ్యారంటీ అట.

“మారుద్దాం అక్కా. అక్కడి పిల్లలు అప్పుడే పరుగులు పెడుతున్నారట.”

“ఎవరి పిల్లలు? వాళ్ల పిల్లలకేముందో, మన పిల్లకేముందో నీకు తెలుసా? గ్యారంటీ అంటే ఏమిటో నీకు ఒకళ్లు చెప్పాలట్రా? మన బోర్డు రాయించినవాడివి!” అన్నాను.

వాడు ఆ కాగితం మడిచి కారు అద్దం తుడిచాడు. మర్నాడు పెయింటరుని పిలిపించి బోర్డు మీద ఆ మాట చెరిపించాడు. నేనడగలేదు, వాడూ చెప్పలేదు. దానివల్ల వచ్చేవాళ్లు కొంచెం తగ్గారు, తగ్గనీ.

ఎనిమిదో వారం నుంచి గుప్పిట బొటనవేలిని వదలడం మొదలుపెట్టింది. బడికెళ్లే టైము కంటే పావుగంట ముందు కార్లో కూర్చోబెట్టేవాళ్లం, బెల్టు దాని ఇష్టానికి వదిలేసి. ఎడమచెయ్యి తాళం మీదకి వచ్చేది, పట్టుకునేది, ఇనుపనాలిక తగలగానే జారిపోయేది. పావుగంట అవగానే “ఇవాళ్టికి నాన్న సాయం” అని మా తమ్ముడు బిగించేవాడు. అది ఏడ్చేది. ఏడ్చినా మర్నాడు మళ్లీ మొదలెట్టేది. పంతంలో మా ఇంటి పిల్లే.

పన్నెండో వారం మళ్లీ అంచనా వేసే రోజు. బెల్టు సంగతి కార్లోనే చూస్తానని థెరపీ అమ్మాయి కిందికి దిగొచ్చింది. నేను, మా మరదలు ఒకపక్క, మా తమ్ముడు తలుపు పక్కన. బఠాణీ బెల్టు లాగింది, ఎడమచెయ్యి చాపింది. కొత్తవాళ్లు చూస్తుంటే ఆ చెయ్యి బిగుసుకుపోతుంది, మాకు తెలుసు. ఒకసారి, రెండుసార్లు, ఐదుసార్లు. రాలేదు. మా తమ్ముడు మోకాలితో సీటుని ఇంత జరిపితే చాలు, తాళం నిటారుగా నిలబడేది, ఎవరికీ తెలిసేది కాదు. వాడికి ఆ ఆలోచన వచ్చింది, మొహంలో కనపడింది నాకు. వాడు రెండడుగులు వెనక్కి వేసి చేతులు చంకల్లో పెట్టుకున్నాడు.

“ఇంట్లో వస్తోందా మాస్టారూ?” అని అడిగిందా అమ్మాయి.

“లేదమ్మా. పట్టుకోవడం వచ్చింది, నిలపడం రాలేదు. ఒక్కసారి కూడా పూర్తిగా పెట్టుకోలేదు” అన్నాడు. పాతికేళ్లలో వాడి నోట అలాంటి మాట నేను వినలేదు.

ఆ అమ్మాయి కాగితం మీద ‘ఇంకా రాలేదు’ అని రాసి, వారం వారం ఇంకో పన్నెండు వారాలు రమ్మని కింద గీత గీసి సంతకం పెట్టింది. పిల్ల తల నిమిరి పైకి వెళ్లిపోయింది.

మేం కారెక్కాం.  మా తమ్ముడు తాళంచెవి తిప్పబోయాడు.

“ఆగు. నేను పెట్టుకోలేదు” అంది వెనకనుంచి బఠాణీ.

ఆగాడు. వాడి ఫోను మోగింది, పదకొండింటి క్లాసు మనిషి. “ఇవాళ ఆలస్యమవుతుందండీ, ఎంతో తెలీదు” అని పెట్టేశాడు. నేను దాని పక్కనే కూర్చుని నా చేతుల మీద నేనే కూర్చున్నాను, అవి ఊరికే ఉండవు కనక. బఠాణీ నాలిక కొంచెం బయటపెట్టి వంగింది. ఎడమచెయ్యి విప్పుకుంది. తాళం మీదికి వెళ్లి, నాలుగు వేళ్లు ఒకవైపు, బొటనవేలు ఒకవైపు పడ్డాయి. వణికింది. జారలేదు. టక్కుమంది.

 అది బెల్టు లాగి చూసుకుంది. ఊడిరాలేదు, బిగిసే ఉంది. మా తమ్ముడు తలుపు తోసుకుని ఒక కాలు కింద పెట్టేశాడు. “అక్కా, ఆ అమ్మాయిని పిలుచుకొస్తా! కాగితం మార్చి రాస్తుంది!”

“కూర్చోండి. ఒక్కసారి వచ్చింది. వచ్చే వారం ఇదే చెబుదాం” అంది మా మరదలు. అంటూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది.

వాడు కాలు లోపలికి తీసుకుని తలుపు వేశాడు. స్టీరింగు రెండు చేతులతో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. భుజాలు కదులుతున్నాయి. అందరికీ కారు నడపడం నేర్పేవాడికి ఆ నిమిషాన కారు కదపడం రాలేదు.

“నాన్నా, కారు పోనీ” అంది బఠాణీ, చిరాగ్గా.